నడుమ నుంచి వడ్డించమన్న మామ

మామ కరుమాది నాడు, అంటే పెద్దకర్మ నాడు, భోజనాల పంతిలో నా పక్కన కూర్చున్నాయన నా కథ నాకే చెప్పాడు. ఆయన తిరుప్పూరులో బనియన్ల కంపెనీ నడుపుతాడు. మాకు దూరపు చుట్టం, నన్నెరగడు. ఆకు మీద నీళ్ళు చల్లుకుంటూ, "పోయినాయన కథ తెలుసునా మీకి?" అని మొదలుపెట్టాడు. ఆయన ఒక పెద్ద ఇనప పెట్టె చేశాడట. అందులో గుడ్డంతటి మీదా ఒకే మాదిరిగా వెలుగు పడాలని ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాడట. కొనడానికి షావుకారు వచ్చిన రోజున ఆ వెలుగు ఎవరో కొరికిన దోశలాగా వచ్చిందట. ఆ తర్వాత పెట్టె పేలిందట, షావుకారు మీసం సగం కాలిందట.

పెట్టె పేలలేదు. షావుకారుకు మీసమే లేదు. కొరికిన దోశ మాత్రం నిజం. మొదట దాన్ని కథగా చెప్పినవాణ్ణి నేనే. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, ఒకసారి తేని ఊరికి పోయే బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాను. అయితే ఎప్పుడు చెప్పినా సగమే చెప్పాను. ఇప్పుడు మామ లేడు కనుక, ఆ సగమే మామగా మిగిలిపోయేటట్టుంది.

అందుకని మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కోయంబత్తూరు చుట్టుపక్కల మావాళ్ళం ఇంట్లో తెలుగే మాట్లాడినా చదువుకునేది తమిళమో ఇంగ్లీషో. పంపుసెట్లు అమ్ముతూ చిత్తూరు వైపు తిరిగిన కాలంలో నాకు ఈ అక్షరాలు పట్టుబడ్డాయి. కాబట్టి ఆ కథను నమ్మినవాళ్ళలో ఒక్కరు కూడా ఈ దిద్దుబాటును చదవలేరు. ఈ సంగతి మామ వింటే బాగా నవ్వేవాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఆయన్ను తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది మొహం కాదు, కుడి అరచేయి. మాట్లాడినంతసేపూ అది బోర్లా తిరిగి గాలిలో తేలుతూ ఉండేది, కనపడని దుప్పటి మీద ముడతలు సరిచేస్తున్నట్టు. దోశ మీద కారప్పొడి నూనె రాసుకుంటే అంచు దాకా రాసేవాడు. ఎక్కడైనా అంటకపోతే అక్కడ వేలితో తట్టి, "ఈడ ఉండేవాళ్ళు ఉపవాసమా?" అని అత్తను అడిగేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళలో ఒకరు ఫ్యాను కింద, ఒకరు మూలన కూర్చుంటే, కొంతసేపటికి ఇద్దరినీ లేపి చోట్లు మార్పించేవాడు. మాట మధ్యలో ఉన్నా సరే, లేవాల్సిందే.

ఒకసారి కారమడై రంగనాథుని గుళ్ళో పూజారి జనం మీద తీర్థం చల్లి వెనక్కి తిరిగాడు. ఎడమ మూల తడవలేదని మామ ఆయన్ను పిలిచాడు. స్వామి అనుగ్రహం అంతటా ఉంటుందని పూజారి నెమ్మదిగా చెప్పాడు. "అనుగ్రహం వచ్చింది సామీ, నీళ్ళు రాలేదే" అన్నాడు మామ. పూజారి మళ్ళీ చల్లాల్సి వచ్చింది. ఆ తర్వాత మామ గుడి మెట్లెక్కుతూ కనపడితే చాలు, ఆ పూజారి చెంబు పట్టుకుని మండపం నడుమకు వచ్చి నిలబడేవాడు.

ఇదంతా పుట్టుకతో వచ్చిన గుణమని మా అమ్మ అనేది. కాదు. ఆ పెట్టెతో వచ్చింది.

తాతగారి నూలు మిల్లు మూతపడి, పంపకాల్లో ఖాళీ షెడ్డు మామ వంతుకు వచ్చింది. ఆయన ఇంజినీరింగు చదివినవాడు. షెడ్డును గోడౌనుగా అద్దెకిచ్చి హాయిగా ఉండమని అందరం చెప్పాం. ఆయన వినలేదు. తిరుప్పూరులో అల్లిన బనియన్ గుడ్డ కొత్తగా ఉన్నప్పుడు దాని మీద పత్తి మైనం ఉంటుంది. నీటిబొట్టు వేస్తే ఇంకదు, తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలబడుతుంది. రంగు పట్టాలంటే ఆ గుడ్డను మందు కలిపిన నీళ్ళలో ఉడకబెట్టాలి. ఆ నీళ్ళు చివరికి ఏ వాగులో కలుస్తాయో అక్కడ అందరికీ తెలుసు. నీళ్ళు లేకుండా ఆ పని చేసే మిషను చేస్తానని మామ బయలుదేరాడు.

ఆ మిషను సంగతి నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఇనప పెట్టెలోంచి గాలిని తోడేసి, కొంచెం వేరే వాయువును వదులుతారు. పెట్టెకు పైకప్పుగా దళసరి గాజు పలక ఉంటుంది. దాని మీద రాగి గొట్టంతో చుట్టిన చుట్ట. ఆ చుట్టలోకి రేడియో తరంగాలంత వేగంగా ఊగే కరెంటు పంపిస్తే, గాజు కింద ఉన్న వాయువు ఊదారంగులో వెలుగుతుంది. చుట్ట వాయువును ఎక్కడా తాకదు. అలా వెలిగే వాయువునే ప్లాస్మా అంటారు. అది సోకిన గుడ్డ మీద నీటిబొట్టు వేస్తే చటుక్కున ఇంకిపోతుంది. తర్వాత రంగు కూడా అలాగే పడుతుంది. వెలుగు ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉంటే మాత్రం గుడ్డ మీద మరకలే.

పాలక్యానంత చిన్న పెట్టెలో అది చక్కగా వెలిగింది. గుడ్డ వెడల్పుకు సరిపోయే పెద్ద పెట్టె చేశాకే తంటా మొదలైంది. వెలుగంతా చుట్ట కింద గుండ్రంగా పోగుపడింది. నడుమ చీకటి, మూలల్లో చీకటి. షెడ్డులో పనివాళ్ళు దాన్ని వడ అన్నారు. పొద్దున నేను వెళ్ళేసరికి, "ఇన్నైక్కుం వడదాంగ", ఈరోజూ వడేనండీ, అని గేటు దగ్గరే చెప్పేవాళ్ళు. అదైనా నిండు వడ కాదు. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. పెద్ద పెట్టెకు పొడుగు చుట్ట కావాలి. చుట్ట పొడుగయ్యేకొద్దీ దాని పొడవునా కరెంటు ఒకేలా ఉండదు, ఒక కొసన జోరుగా, ఒక కొసన నీరసంగా నడుస్తుంది. నాలుగు పక్కలా సరిపోయిందని పనివాళ్ళు ఎంత చెప్పినా మామ పెట్టెకున్న కిటికీ అద్దంలోంచి చూసి అరచేయి ఆడించేవాడు.

"నడుమో, ఒక పక్కో మాత్రం వెలిగితే అది మిషను కాదు మాప్ళే, దీపం" అనేవాడు నాతో. అల్లుణ్ణి మావైపు మాప్ళే అంటారు. "దీపం మీ అమ్మ దగ్గరే ఉండాది. దానికి నేనేంటికి?"

నా పెళ్ళి అప్పుడే జరిగింది. పెళ్ళి మరునాడు ఆడపెళ్ళివాళ్ళకు మా ఇంటి తరఫున విందు. పంతి మొదట్లో, తూర్పు కొసన, మా ఆవిడ తండ్రి కూర్చున్నారు. మాలో వడ్డన ఆ కొస నుంచే మొదలవ్వాలి. అక్కడి పెద్ద ఆకులో చెయ్యి పెట్టేదాకా ఇంకెవరూ ముద్ద ఎత్తరు. మామ వంటవాళ్ళ దగ్గర నిలబడి సాంబారు బకెట్టును చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కాని పెళ్ళికొడుకును, లేచి వెళ్ళలేను.

బకెట్టు ఒక కొస నుంచి బయలుదేరితే రెండో కొసకు పోయేసరికి అడుగు కనపడుతుందని, ఆ కొసన కూర్చున్నవాళ్ళు ఏం పాపం చేశారని వంట మాస్టరును నిలదీశాడట. వడ్డించేవాళ్ళను పంతి నడుమకు తీసుకువచ్చి, సగం మందిని ఇటు, సగం మందిని అటు తిప్పి నిలబెట్టాడు. నడుమ కూర్చున్నది కార్ల డ్రైవర్లు, మేళగాళ్ళు. ముందు వాళ్ళకు సాంబారు పడింది. తూర్పు కొసకు సాంబారు చేరేసరికి మేళగాళ్ళు పాయసం దగ్గర ఉన్నారు. మా ఆవిడ తండ్రి ఇంకా చెయ్యి పెట్టలేదు కనుక వాళ్ళు తినవచ్చో లేదో తెలియక, పాయసం చుట్టూ అరచేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన ఆకు మడిచి లేచారు. తినకుండా ఆకు మడవడం అంటే ఏమిటో మావాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన వెనక ఆ కొస కొసంతా లేచింది. మామ మాత్రం నా దగ్గరకు పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూస్తివా మాప్ళే? రెండు కొసలకీ ఒకేసారి చేరింది. చుట్టని నరికేయాల. పొట్టి ముక్కలు చేసి, అన్నిటికీ నడుమ నించే కరెంటు ఇయ్యాల."

నా పెళ్ళి విందు చెడగొట్టి ఆయన తన చుట్టకు ఉపాయం కనిపెట్టాడు. మా ఆవిడ పుట్టింటికి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను పలకరించినవాడు లేడు. మామ మీద నాకు కసి అప్పుడు పుట్టింది. తర్వాత చెప్పబోయేదానికి ఇది సాకు కాదు, కాని ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

ఆయన చుట్టను నరికాడు. నాలుగు పొట్టి చుట్టలు చేసి, నడుమ నుంచి నాలుగింటికీ కరెంటు పంచి, ఒక్కొక్కదాని కొసన ఒక కండెన్సరు పెట్టాడు. వడ కొంచెం కొంచెంగా పూడుకుంటూ వచ్చింది. ఒకనాడు నేను వెళ్ళేసరికి గేటు దగ్గర పనివాడు, "తోశై ఆయిడుచ్చుంగ" అన్నాడు. వడ దోశ అయింది. లోపలికి వెళ్ళి అద్దంలోంచి చూశాను. పెట్టె నిండా ఊదారంగు పలచగా, తిన్నగా పరుచుకుని ఉంది. ఒకచోట మాత్రం కాస్త కాంతి ఎక్కువని మామ అన్నాడు. నాకు కనపడలేదు.

తిరుప్పూరు షావుకారు చూడటానికి వస్తానని కబురు పంపాడు. ఆయన ఒక మిషను తీసుకుంటే మిగతావాళ్ళు ఆయన వెనకే వస్తారు. లేకపోతే షెడ్డు నిజంగానే గోడౌను అవుతుంది. మామకు అంతవరకే ఓపిక ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

షావుకారు వచ్చే రోజు పొద్దున్నే మా అమ్మ నా చేతిలో ఎర్రగుడ్డ చుట్టిన రాగి రేకు పెట్టింది. దిష్టి తగలకుండా మంత్రించి ఇచ్చే రేకు. మావాళ్ళు కొత్త మిల్లయినా, కొత్త బోరు మోటారైనా ఇలాంటిది ఒకటి కట్టకుండా నడపరు.

"చుట్టకి దగ్గిరగా పెట్టు నాయినా" అంది అమ్మ. "వాని కంటికి మాత్రం పడనీయొద్దు. పడితే నగుతాడు."

నేను గుడ్డ విప్పేసి, చుట్టల మీద కప్పే చెక్క మూతకు లోపలి వైపున రేకును అంటించాను. మామ అప్పుడు బయట షావుకారు కోసం కుర్చీలు సమంగా వేయిస్తున్నాడు.

షావుకారు వచ్చాడు. గుడ్డ పరిచారు, గాలి తోడారు, మామ కరెంటు వేశాడు. వెలుగు వచ్చింది. ఎడమ పక్క మాత్రం అంచు నుంచి లోపలికి అరచేతి వెడల్పున చీకటి. షావుకారు అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసి, మర్యాదగానే అడిగాడు.

"ఏనుంగ, తోశయె యారో కడిచ్చిట్టాంగళే?"

దోశను ఎవరో కొరికేశారే అని. పనివాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. గుడ్డ తీసి నీటిబొట్లు వేసి చూస్తే, అంతటా ఇంకాయి, ఆ కొరికిన మేర మాత్రం గుండ్రంగా నిలబడ్డాయి. షావుకారు కాఫీ తాగి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నా కథ ఎప్పుడూ ఇక్కడితో అయిపోయేది.

ఆ తర్వాత జరిగింది ఇది. కారు వెళ్ళిపోయాక మామ మూత ఎత్తి రేకును చూశాడు. రాగి రేకు చుట్టకు దగ్గరగా ఉంటే దానిలోనూ కరెంటు పుట్టి చుట్టకు ఎదురు తిరుగుతుందట, దాని కింద వెలుగు చచ్చిపోతుందట. అది నాకు తెలియదు. మా అమ్మకూ తెలియదు. కొట్టినా పడదామని నిలబడ్డాను.

"అక్క పనా?"

"ఆమా మామా, అమ్మ పనే. అంటించింది నేను."

ఆయన రేకును ఊడదీశాడు. వేరేచోట పెట్టి కరెంటు వేశాడు. చీకటి అక్కడికి జరిగింది. కరెంటు ఆపి, ఇంకోచోట పెట్టి, మళ్ళీ వేశాడు. కొంచెం ఎత్తి కట్టి చూశాడు, చీకటి పలచబడింది. అలా ఎంతసేపు ఆడాడో! చివరికి అరచేయి గాలిలోకి లేచింది.

"ఇది వెలుతురుని తింటాది మాప్ళే. జాస్తిగా ఉండే చోట దీన్ని పెడితే? మీ అమ్మకి చెప్పి ఇంకా కొన్ని తెప్పించు. చిన్నవి, పెద్దవి, అన్ని సైజులూ."

మామూలు రాగి రేకు బజారులో దొరుకుతుంది కదా అన్నాను. ఈ మందం బాగుండాది, ఇదే కావాలన్నాడు. మా అమ్మ ఆ రేకు ఇచ్చిన మంత్రగాడి దగ్గరకు వెళ్ళి సైజులవారీగా రేకులు అడిగింది. ఇంతమంది శత్రువులా అమ్మా మీకు అని అతను భయపడ్డాడట. శత్రువులు లేరు, వెలుతురు ఒకచోట జాస్తిగా ఉండాది అని అమ్మ చెప్పిందట. అతను ఇంకేమీ అడగకుండా మంత్రించి ఇచ్చాడు.

ఆ రేకులు కొన్ని ఎత్తుగా, కొన్ని పల్లంగా కట్టి మామ ఆ ఒకచోట ఎక్కువైన కాంతిని అణిచాడు. ఒక మధ్యాహ్నం నన్నూ అమ్మనూ పిలిపించాడు. పెట్టె వెలిగింది. ఎక్కడ చూసినా ఒకే ఊదా. తర్వాత గుడ్డ బల్ల మీద పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరసగా బొట్లు వేశాడు. వేసినవి వేసినట్టే ఇంకిపోయాయి, ఒక్కటి నిలబడలేదు. అమ్మ చేతులు జోడించింది. దిష్టి పోయిందని ఆవిడ, సమం అయిందని మామ. ఇద్దరూ చాలా సంతోషంగా ఉన్నారు, ఒకరు చెప్పేది ఒకరు వినడం లేదు.

షావుకారుకు మళ్ళీ కబురు వెళ్ళింది. దోశ ఇప్పుడు నిండుగా ఉందా అని నవ్వాడట, రాలేదు. ఇంకొందరిని పిలిచాం. వాళ్ళూ అదే అడిగారు. అప్పటికే నేను ఆ కథను పెళ్ళి పంతుల్లో చెప్పేశాను. మా ఆవిడ వైపువాళ్ళు నాతో మొదటిసారి నవ్వింది ఆ కథకే. రేకు సంగతి చెబితే నవ్వు నా మీదికి తిరుగుతుంది కనుక రేకును తీసేసి చెప్పాను. రేకు లేని కథలో మామ ఉత్త పిచ్చివాడు. ఆ కథ మిషను కన్నా ముందు తిరుప్పూరు చేరింది. షెడ్డు గోడౌను అయింది. టార్పాలిన్ కప్పిన పెట్టె చుట్టూ అట్టపెట్టెలు పేర్చారు. అద్దెకు తీసుకున్నవాడు అన్నీ ఒకే ఎత్తున పేర్చేదాకా మామ కదల్లేదు.

మదురై వైపు చుట్టాల పెళ్ళిలో ఒకసారి నేను ఆ కథ మంచి ఊపులో చెబుతున్నాను. గుంపు వెనక మామ నిలబడి ఉన్నట్టు నేను చూసుకోలేదు. కుడి పక్క ఎవరో కొరికినట్టు అని అభినయించి చూపిస్తుండగా వెనక నుంచి మాట వచ్చింది.

"కుడి కాదు మాప్ళే. ఎడమ పక్క."

అంతే. అందరితో పాటు నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. రేకు మాట ఎత్తలేదు. ఆ రోజు ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

ఇది జ్ఞాపకం రాగానే, కరుమాది పంతిలో నా పక్కనున్న ఆయనకు రేకు సంగతంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోయి పక్కవాడికి చెప్పాడు. ఆ పక్కవాడు తన పక్కవాడికి. మాట పంతి వెంట తూర్పు కొసకు పోతుంటే నేను వింటూనే ఉన్నాను. రేకు కాస్తా తాంబాళం అయింది, తర్వాత దాన్ని అంటించినవాడు మామే అయ్యాడు, ఇంకొంచెం ముందుకు పోయాక మామ మంత్రగాడు అయ్యాడు. కొసన మా ఆవిడ తండ్రి కూర్చుని ఉన్నారు, ఇప్పుడు బాగా ముసలివారు. అక్కడికి చేరింది ఏమిటో ఆయన మొహం చూస్తే తెలిసింది.

నేను ఎంగిలి చేత్తోనే లేచాను. వడ్డించేవాళ్ళు నడిచే దారిలో పంతి నడుమకు వెళ్ళి నిలబడ్డాను. రసం బకెట్టు పట్టుకున్నతను నన్ను తప్పించుకోలేక ఆగిపోయాడు. ఒకసారి ఇటు తిరిగి, ఒకసారి అటు తిరిగి, మొత్తం చెప్పాను. రేకు అంటించింది నేను. వెలుగు చివరికి సమంగానే వచ్చింది. బొట్లన్నీ ఇంకాయి. చూసినవాణ్ణి నేను, చూసిన ఇంకొకరు మా అమ్మ. ఇన్నాళ్ళూ సగమే చెప్పాను.

తూర్పు కొస నుంచి మా ఆవిడ తండ్రి గొంతు వచ్చింది.

"రేకు పెట్టింది మీరా మాప్ళే?"

"ఆమాంగ."

"దిష్టి తగలకుండానా?"

"ఆమాంగ."

ఆయన భుజాలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. తర్వాత పంతి పంతంతా నవ్వింది. మామ కరుమాది నాడు, ఆ నవ్వు రెండు కొసల్లోనూ ఒకేసారి పుట్టి నా దగ్గరకు వచ్చింది. రసం అతను నన్ను పక్కకు జరగమన్నాడు.

కథ ఇప్పుడు కొత్త రూపంలో తిరుగుతోంది. పోయిన నెల తిరుప్పూరులో ఒక నిశ్చితార్థంలో విన్నాను. ఇందులో మామ గొప్ప ఇంజినీరు, తెలివితక్కువ మేనల్లుడు ఒకడున్నాడు. షావుకారు కారు దిగేముందు వాడు మిషను నిండా తాయెత్తులు కట్టేశాడట. చెప్పేవాడు మంచి నేర్పరి. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. వెలుగులో కుడి పక్క ఇంత మేర ఎవరో కొరికినట్టు అని అతను చేత్తో చూపించాడు. నేను వెనక నిలబడి ఉన్నాను.

"కుడి కాదప్పా" అన్నాను. "ఎడమ పక్క."